పల్లె సంఘంలో కోత పండుగ: తేదీ దగ్గర నుంచి వేలం లెక్క దాకా

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మీ క్రైస్తవ సంఘంలో 60 కుటుంబాలు, సగానికి పైగా కూలీలు, కౌలు రైతులు. ఇన్నాళ్లూ జనవరిలో ఏదో ఒక ఆదివారం చర్చికి పంట కానుకలు తెచ్చి, వాటిని వేలం వేసి, భోజనం పెట్టి ముగిస్తున్నారు. ఈసారి కోత పండుగను నిజంగా కృతజ్ఞతారాధనగా జరపాలనుకుంటున్నారు. తేదీ, ఆరాధన క్రమం, పంట లేనివాళ్లు ఏం తేవాలి, వేలంలో గొడవలు రాకుండా ఏం చేయాలి అని అడిగారు. ఇది సంక్రాంతికి నకలని ఒక పెద్దాయన అభ్యంతరం చెప్తున్నారని కూడా రాశారు.

ముందుగా చెప్పాల్సింది వేలం గురించే. పల్లెల్లో ఈ పండుగ చెడేది అక్కడే. ఆశీర్వచనం అయ్యేలోపే సగం మంది కళ్లు గుమ్మం పక్కన కట్టేసిన కోడిపుంజు మీద ఉంటాయి. కమిటీ కూడా "పోయినేడు ఎంత వచ్చింది, ఈ ఏడు ఎంత రావాలి" అన్న లెక్కతోనే పని మొదలుపెడుతుంది. వేలం మానేయమని అనను. కానీ ఆరాధననీ వేలాన్నీ చోటులోనూ సమయంలోనూ విడదీయండి. మిగతా ఏర్పాట్లన్నీ దీని మీదే ఆధారపడతాయి.

తేదీ. కృష్ణా, గోదావరి డెల్టాల్లో సార్వా (వానాకాలపు) వరి కోతలు నవంబరు, డిసెంబరుల్లో సాగుతాయి. అది తుపాన్ల కాలం కూడా. నవంబరు చివర పెట్టుకుంటే కుప్పలు పొలంలోనే ఉంటాయి, మనసులూ అక్కడే ఉంటాయి. డిసెంబరులో క్రిస్మస్‌కి సిద్ధపడే ఆగమన కాలం, క్రిస్మస్ పనులు. కాబట్టి వరి ఊళ్లకు జనవరి నయం. సంక్రాంతి వారంలో వలస వెళ్లిన పిల్లలు ఊరికి వస్తారు, కాబట్టి దానికి ముందు గానీ తర్వాత గానీ వచ్చే ఆదివారం పెడితే హాజరు బాగుంటుంది. మిర్చి ఎక్కువగా వేసే ఊరైతే జనవరిలో చేతికి పెద్దగా ఏమీ రాదు, మార్చికి జరపాలి. పత్తి విడతలుగా వస్తుంది, దానికి ఏ తేదీ అయినా ఒకటే. అంతా ఒకే రోజు కుదరకపోతే పండుగ ఒక్కరోజే పెట్టుకుని, ఆలస్యంగా వచ్చే పంటకి మామూలు ఆదివారం కానుకల సమయంలో చోటివ్వండి. పక్క సంఘం చేసిందని ఆ తేదీకే చేయాల్సిన పని లేదు. తేదీ తేల్చాల్సింది మీ ఊరి కళ్లం.

పెద్దాయన అభ్యంతరానికి జవాబుంది. నిర్గమకాండము 23:16లో కోతపండుగ, ఫలసంగ్రహపు పండుగ రెండూ ఉన్నాయి. పెంతెకొస్తు అంటున్నామే, అది మొదట గోధుమ కోతల నాటి వారముల పండుగే. ఇక మనం చర్చిలో చూసే రూపం, అంటే కంకులు, కాయలు బలిపీఠం ముందు పేర్చి ఆరాధన చేయడం, ఇంగ్లండ్‌లో బాగా వ్యాపించింది 19వ శతాబ్దంలో. 1843లో కార్న్‌వాల్‌లోని మార్వెన్‌స్టో గురువు రాబర్ట్ స్టీఫెన్ హాకర్ పంట కృతజ్ఞతారాధనకు జనాన్ని పిలిచాడు. తర్వాత మిషనరీలతో పాటు ఆ అలవాటు మన దగ్గరికీ వచ్చింది. సంక్రాంతీ ఇదీ దగ్గరదగ్గరగా పడేది ధాన్యం ఇంటికి వచ్చే కాలం ఒకటే కాబట్టి. పక్కింటి వాళ్ల పండుగతో పోటీ పెట్టుకోవడమూ వద్దు, దానికి భయపడి మన పండుగ మానుకోవడమూ వద్దు.

ఆరాధన క్రమానికి ద్వితీయోపదేశకాండము 26:1-11 కంటే మంచి నమూనా లేదు. అందులో ఏముందో వరసగా చూడండి. మనిషి ప్రథమఫలాల్ని గంపలో పెట్టి తెస్తాడు. యాజకుడు ఆ గంపను అతని చేతిలోంచి తీసుకుని బలిపీఠం ముందు పెడతాడు. అప్పుడు తెచ్చినవాడే నోరు తెరిచి తన వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో, ఏ బానిసత్వంలో ఉన్నారో, దేవుడు ఎలా బయటికి తెచ్చాడో చెప్తాడు. చివర్లో లేవీయుడితో, పరదేశితో కలిసి సంతోషిస్తాడు. మన పండుగల్లో గంప ఉంటుంది, భోజనం ఉంటుంది, మధ్యలో ఆ నోటి మాట మాత్రం ఎగిరిపోతుంది. దాన్ని తిరిగి తెచ్చుకోండి. సంఘంలో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లని, వాళ్లలో కనీసం ఒక స్త్రీని, కూర్చోబెట్టి మీ ఊరి మాటల్లో ఎనిమిది పది వాక్యాలు రాయించండి. ఇలాంటిది:

"మా తాతముత్తాతలు పరుల పొలాల్లో పాలేళ్లుగా బతికారు. పండించిన చేతికే గింజ దక్కని రోజులు చూశారు. ప్రభువా, నీవు మమ్మల్ని పేరుపెట్టి పిలిచావు. ఈ ఏడు వాన ఆలస్యమైంది, కాలవ నీళ్లు ఆఖరి తడికి అందాయి. నాటిన చేతులకి, కలుపు తీసిన చేతులకి, కోసిన చేతులకి నీవే బలమిచ్చావు. నీవిచ్చిన దాంట్లో ముందుది నీ ముందు పెడుతున్నాం."

ఇది మచ్చు మాత్రమే, అచ్చంగా దీన్నే చదివించకండి. ఈ ఏడు మీ ఊళ్లో నిజంగా జరిగింది అందులో ఉండాలి. వాన సకాలంలో పడితే అలాగే చెప్పండి, పురుగు తింటే అదీ చెప్పండి.

పాఠాలకి 65వ కీర్తన 9 నుంచి 13 వచనాలు, లేవీయకాండము 23:9-14, 22, రెండో కొరింథీయులకు 9:6-11, లూకా 12:16-21 సరిపోతాయి. 126వ కీర్తన పాడుకోవడానికి బాగుంటుంది. ప్రసంగంలో ఒక పొరపాటు తరచుగా దొర్లుతుంది. ఎక్కువ ఇచ్చినవాడికి ఎక్కువ పండుతుందని చెప్పడం. అలా చెప్తే తెగులు సోకి పంట పోయిన కౌలు రైతుకి, తనే ఏదో తక్కువ చేశానన్న మాట వినబడుతుంది. నీతిమంతుల మీదా అనీతిమంతుల మీదా ఒకే వాన కురుస్తుందని మత్తయి 5:45 చెప్తోంది కదా, అక్కడ నిలబడి మాట్లాడితే చాలు.

కానుకలు తెచ్చే పద్ధతికి కాస్త లెక్క వేసుకోవాలి. 60 కుటుంబాలు ఒక్కొక్కటిగా ముందుకొచ్చి, కానుక ఇచ్చి, వెనక్కి వెళ్లడానికి ఇంటికి 20 సెకన్లు అనుకున్నా 20 నిమిషాలు. పేర్లు మైకులో చదివితే అది 40 నిమిషాలవుతుంది, పిల్లలు అల్లరి మొదలుపెడతారు. పేర్లు చదవకండి. రెండు వరసల్లో రమ్మనండి, అంతసేపూ పాట సాగనివ్వండి. బస్తాలు, అరటి గెలలు, చెరకు గడల లాంటి బరువైనవి శనివారం సాయంత్రమే చేర్చేయండి. చేత్తో మోయగలిగినవి మాత్రం ఆదివారం ఊరేగింపులో రావాలి. అన్నీ శనివారమే పేర్చేస్తే ఆదివారం ఇవ్వడానికి చేతిలో ఏమీ ఉండదు. ప్రభువు బల్ల (ప్రభురాత్రి భోజనం) కూడా ఉంటే, రొట్టె, ద్రాక్షరసం ఈ ఊరేగింపులోనే చివరగా తీసుకురండి. మైకుతో రోడ్డు మీదకి వెళ్లేటట్లయితే పోలీసు అనుమతి ముందే తీసుకోండి.

పేర్చే దగ్గర కొన్ని జాగ్రత్తలు:

వరి కంకుల పన (కట్ట) కావాలంటే మిషన్ రాకముందే అడగాలి. కోత మిషన్ దిగాక పొడవాటి కంకులు దొరకవు. గట్టు పక్కన రెండు మూడు గజాల మేర కొడవలితో కోసి ఉంచమని ఒక రైతుకి ముందే చెప్పండి. కోశాక నీడలో తలకిందులుగా వేలాడదీస్తే గింజ రాలదు, రంగూ నిలుస్తుంది.

ధాన్యం ఆరబెట్టి తెమ్మనండి. మిషన్‌తో కోసిన వడ్లలో తేమ తరచుగా 20 శాతం దాటి ఉంటుంది. ప్రభుత్వ కొనుగోలుకి 17 శాతం లోపు ఉండాలి. పచ్చి వడ్లు బస్తాలో కట్టి చర్చి మూల నాలుగు రోజులు వదిలేస్తే లోపల వేడెక్కి ముక్కిపోతాయి, ఆ తర్వాత మర ఆడిస్తే బియ్యం రంగు మారుతుంది. తేమ మీటరు లేకపోతే గింజ పంటి కింద పెట్టి చూడండి. టక్కున విరిగితే సరే, నలిగితే ఇంకో రెండు రోజులు ఎండాలి.

ఎండుమిర్చి లోపల పెట్టకండి. ఫ్యాను గాలికి ఘాటు లేచిందంటే ప్రసంగమంతా దగ్గులే. మూతి బిగించిన సంచిలో వరండాలో ఉంచి, ముందు వరసలో గుప్పెడు కాయలు పళ్లెంలో పెడితే చాలు. పత్తి, గడ్డి కొవ్వొత్తులకి దూరంగా ఉండాలి. బలిపీఠం చుట్టూ గడ్డి పరిచి వెలిగించిన కొవ్వొత్తులు పెట్టే అలంకరణ ఫొటోకి బాగుంటుంది గానీ, ఒక్క నిప్పురవ్వ చాలు. అరటి గెల సొన మరక గుడ్డకి పడితే పోదు, కింద పాత పేపరు వేయండి. కోళ్లని, మేకపిల్లని నీడలో బయటే ఉంచి నీళ్లు పెట్టండి. కాళ్లు కట్టి ఎండలో పడేసిన కోడి మధ్యాహ్నానికి చస్తుంది. పాలు తెచ్చేవాళ్లని నేరుగా వంట దగ్గరికి పంపండి. కూరగాయలు తెచ్చేవాళ్లకి మరొక్క మాట చెప్పాలి. ఈమధ్యే పురుగుమందు కొట్టిన వంకాయలు, బెండకాయలు తేవద్దు, అవి అదే రోజు ఎవరో వండుకుంటారు.

ఇక పంట లేనివాళ్ల సంగతి. మీ సంఘంలో సగం మందికి ఇదే అసలు ప్రశ్న, దీన్ని చివరికి నెట్టేయకండి. బైబిల్లో పేద విధవరాలు రూతు చేతికి వచ్చింది పరిగె, అంటే కోతయ్యాక పొలంలో రాలి మిగిలిన కంకులు, ఏరుకున్న యవలే. కూలికి పోయేవాళ్లు ఒక రోజు కూలి కవరులో పెట్టి తేవచ్చు, ఉపాధి హామీ కూలి అయినా సరే. పెరట్లో కాసిన సొరకాయ, నాలుగు కోడిగుడ్లు, కుట్టుమిషన్ ఉన్నవాళ్లు కుట్టిన చేతిసంచి, మేస్త్రీలు మెట్టు బాగుచేసే అరపూట పని, అన్నీ కానుకలే. ఏమీ తేలేని వాళ్లు వట్టి చేతులతో నడవకుండా, గుమ్మం దగ్గర ఒక గంప నిండా కంకులు పెట్టి, లోపలికి వచ్చే ప్రతి మనిషికీ ఒక్కో కంకి ఇవ్వండి. ఊరేగింపులో అందరి చేతుల్లోనూ ఒకటి ఉంటుంది. ఎవరిది ఏమిటని ఎవరూ చూడరు.

వచ్చే ఏడాదికి పిడికెడు బియ్యం మొదలుపెట్టండి. అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయడం తెలుగు సంఘాల్లో పాత అలవాటే. మిజోరం సంఘాలు 1910 నుంచి దీన్ని ఇంటింటి నియమంగా నడుపుతున్నాయి. పిడికిలికి 40 గ్రాములనుకుంటే రోజుకి ఒక్క పూట తీసినా నెలకి కిలో పైన వస్తుంది. ఎకరం లేని ఇల్లు కూడా ఏడాది చివర పది కిలోలకి పైగా బియ్యం తేగలదు. నెలనెలా జమ చేయించుకోవాలి, లేకపోతే డబ్బాలో పురుగు పడుతుంది.

ఎకరానికి ఇంత అని లెక్క కట్టి వసూలు చేసే పద్ధతి మీ దగ్గర ఉంటే ఆపేయండి. కౌలు రైతు కౌలు కట్టి, అప్పు తీర్చాక అతనికి మిగిలేది భూమి ఉన్న రైతుకి మిగిలేదానితో పోల్చలేం. శక్తికి మించి కాదు, కలిమి కొలదీ అని పౌలు రాశాడు. వడ్డీకి తెచ్చి ఇచ్చే కానుక ఎవరి దగ్గరా తీసుకోకూడదు. ఈ మాట పాస్టరు గారే బలిపీఠం ముందు నిలబడి అనాలి, కమిటీ అంటే ఎవరూ నమ్మరు.

పేదల భాగం వేలానికి ముందే తియ్యాలి. పొలం అంచులు పూర్తిగా కోయవద్దు, పరిగె బీదలకి వదలమని లేవీయకాండము 23:22 చెప్తుంది. కోత మిషన్లు వచ్చాక పొలంలో పరిగె దాదాపు మిగలట్లేదు, అందుకని ఆ అంచుని మీరు చర్చిలో మిగల్చాలి. ఉదాహరణకి 75 కిలోల బస్తాలు పది వచ్చాయనుకోండి. ఒక బస్తా పక్కన పెట్టి మర ఆడిస్తే దాదాపు 50 కిలోల బియ్యం వస్తాయి. 5 కిలోల సంచులు పది. ఎవరికి ఇవ్వాలో విధవరాళ్లు, మంచంలో ఉన్నవాళ్లు, పంట పోయినవాళ్లు అన్న వరసలో ముందే రాసుకుని, చీకటి పడ్డాక ఇంటికి చేర్చండి. వేదిక మీదకి పిలిచి ఫొటో తీయడం వాళ్ల పరువు తీయడమే. మిగిలిన తొమ్మిది బస్తాలు 6.75 క్వింటాళ్లు. 2025-26 ఖరీఫ్ మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలు 2,369 రూపాయలు, ఆ లెక్కన 16 వేలకి దగ్గర. అయితే కొనుగోలు కేంద్రం పంట నమోదైన రైతు పేరు మీదే తీసుకుంటుంది. సంఘం ధాన్యాన్ని ఇంకొకరి పేరున అక్కడ తొయ్యకండి. మిల్లుకో వ్యాపారికో బయటి రేటుకి అమ్మి చీటీ తీసుకోండి. ధాన్యం ఎప్పుడూ వేలంలో పెట్టకండి, తూకం వేసి అమ్మేదానికి పాట ఎందుకు?

వేలం పాట ఆశీర్వచనం అయ్యాక, అరగంట ఆగి, చర్చి బయట పందిట్లో జరగాలి. మైకు పాస్టరు గారి చేతిలో ఉండకూడదు. పాడించేవాడు నవ్వించగలవాడై ఉండాలి గానీ "ఫలానా ఇంటి వాళ్లు వెనకబడ్డారేం" అని పేరు పెట్టి రెచ్చగొట్టే రకం కాకూడదు. గొడవలకి మూలం నూటికి తొంభై సార్లు అదే. ముందు పిల్లల పాట పెట్టండి, జామకాయలు, చెరకు ముక్కలు, పది రూపాయలతో మొదలు. తర్వాత కూరగాయలు, గుడ్లు, అరిసెలు. కోళ్లు, మేకపిల్ల చివర్లో. కోడిగుడ్డు 500 పలికితే సరదాగానే ఉంటుంది, కానీ ఇద్దరు పంతానికి పోయి అంకె పెరుగుతోందని అనిపిస్తే మూడోసారి చెప్పేసి ముగించే అధికారం పాడించేవాడికి ముందే ఇవ్వండి. పాడుకున్న వస్తువుని అక్కడికక్కడే ఒక ముసలావిడ చేతిలో పెట్టి వెళ్లేవాళ్లుంటారు. ఇది మంచి అలవాటు, ప్రోత్సహించండి.

బాకీ పాట వద్దు. వస్తువు చేతికి ఇచ్చేలోపే నగదు గానీ ఫోన్‌లో గానీ చెల్లించాలి, అది కూడా సంఘం ఖాతా క్యూఆర్‌కే. "కోత డబ్బులు రాగానే ఇస్తా" అన్న పాటలు మరుసటి ఏడాదికి మోసుకెళ్తే ఆ మనిషి మొహం చాటేసి ఆరాధనకే రావడం మానేస్తాడు. రిజిస్టరులో క్రమసంఖ్య, వస్తువు, పాట మొత్తం, పాడినవారు, చెల్లించిన విధం అని అయిదు గడులు చాలు. ఇద్దరు వేర్వేరు కుటుంబాల వాళ్లు లెక్కపెట్టి సంతకం చేయాలి, సోమవారం బ్యాంకులో వేయాలి.

భోజనానికి అతిథులతో కలిపి 300 మంది అనుకుంటే బియ్యం 40 కిలోలు, పప్పుకూరకి కందిపప్పు 12 కిలోలు, కోడికూర పెడితే 50 నుంచి 55 కిలోలు. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. పండుగ కదా అని మొత్తం కొత్త బియ్యమే వండుతారు. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది, గంగాళంలో అడుగంటుతుంది. అన్నానికి పాత బియ్యం వాడి, కొత్త బియ్యాన్ని పరమాన్నానికి ఉంచండి. అందులో ఆ జిగురే అందం. 5 కిలోల కొత్త బియ్యం, 20 లీటర్ల పాలు, 6 కిలోల బెల్లం. బియ్యం మెత్తగా ఉడికి, గంగాళం దించి కాస్త చల్లారాకే బెల్లం పాకం వడగట్టి పోయాలి. ముందే పోస్తే పాలు విరుగుతాయి, ఆ తర్వాత బియ్యం ఎంత మరిగినా ఉడకదు. వడ్డన కూలికి వచ్చినవాళ్లతో మొదలవ్వాలి. మీ పొలాల్లో పనిచేసినవాళ్లలో క్రైస్తవులు కానివాళ్లనీ పిలవండి. ద్వితీయోపదేశకాండము 26:11లో పరదేశి ఆ పంక్తిలోనే ఉన్నాడు.

పంట పోయిన ఏడాది పండుగ జరపాలా అని మీరు అడగలేదు గానీ, ఏదో ఒక ఏడాది ఆ ప్రశ్న వస్తుంది. జరపండి. కానీ వేలం ఉండకూడదు, మాంసం వంట అక్కర్లేదు. పంట లేకపోయినా ప్రభువులో ఆనందిస్తానని చెప్పే హబక్కూకు 3:17-18 చదివి, పాడైన కంకులే తెచ్చి ముందు పెట్టి, ఏడవాల్సినవాళ్లని ఏడవనివ్వండి. ఆ రోజు వచ్చిన కానుక మొత్తం నష్టపోయిన ఇళ్లకే పోవాలి, చర్చి రంగులకీ ప్రహరీకీ ఒక్క రూపాయి కూడా తీయొద్దు. ఎవరికి ఎంత వెళ్లిందో పాస్టరు గారికీ ఒక పెద్దకీ తెలిస్తే చాలు, సంఘానికి మొత్తం అంకె మాత్రం తర్వాతి ఆదివారం చదివి వినిపించండి.